క్యారియర్ ఖాళీగా పోవాల

పోయిన వారం అంగళ్లు అనే ఊరి దగ్గరి ఒక కాలేజీ నుంచి ఫోన్ వచ్చింది. కొత్తగా చేరిన ఫస్టియర్ పిల్లలకు నేను నాలుగు మంచి మాటలు చెప్పాలట. "జీవితమంతా పాఠాలు చెప్పినవారు, మీకిదెంత పని మేడమ్" అన్నాడు ఫోన్ చేసిన అబ్బాయి. నేనూ ఎంత పనిలే అనుకుని సరేనన్నాను. అప్పటినుంచి నాకు కాలు ఒకచోట నిలవడం లేదు.

కాగితం ముందు కూర్చుంటాను. రోజూ పేపరు చదవండి, కాలం వృథా చెయ్యకండి, చెడు సావాసాలు వద్దు అని రాస్తాను. చదువుకుంటే నాకే ఆవలింత వస్తుంది. చించి పారేసి వరండాలో ఆ చివరికీ ఈ చివరికీ తిరుగుతాను. నిన్న అలా తిరుగుతుంటే ఆ నడక ఎక్కడో చూసినట్టు అనిపించింది. కొంగు నడుముకు బిగించి, చేతులు వెనక్కి కట్టుకుని, గోడ దాకా పోయి, గోడను వేళ్ళతో టకటకా తట్టి వెనక్కి తిరగడం. ఇది నా నడక కాదు. అక్క నడక.

ఆమె పేరు నాకు తెలియక కాదు. రాస్తే ఒప్పుకోదు. "నా పేరుతో నీకేం పని మే?" అనేది ఎవరైనా పేరు పెట్టి పిలవబోతే. అందుకని మా అందరికీ ఆమె అక్కే.

డెబ్బయ్యో దశకం చివరి రోజులవి. మదనపల్లెలో కాలేజీకి దగ్గరగా ఒక బట్టల వ్యాపారి ఇంటి వెనక వరుసగా మూడు గదులు, వాటి ముందు పొడుగాటి వరండా ఉండేవి. చుట్టుపక్కల పల్లెల నుంచి డిగ్రీ చదవడానికొచ్చిన ఆడపిల్లలం అక్కడ అద్దెకు ఉండేవాళ్ళం. అక్క అప్పటికి బి.ఏ. చివరి సంవత్సరం. మధ్యలో రెండేళ్ళు చదువు ఆగిపోవడంతో తన తోటివాళ్ళకంటే కూడా పెద్దది. పొడుగ్గా, ఎండుకట్టెలా ఉండేది. ఎప్పుడూ కూర్చునేది కాదు. పుస్తకం పట్టుకున్నా నడుస్తూనే చదివేది. ఏమక్కా ఈ తిరుగుడు అంటే, "కూచుంటే ఊరు గుర్తొస్తాది మే. మీరు కూడా తిరగండి" అనేది.

మాకెవ్వరికీ వంట పని లేదు. మా అమ్మలు ఒప్పుకోలేదు. వండుకుంటూ కూర్చుంటే చదివేదెప్పుడు? అందుకే ఇంటినుంచి క్యారియర్ వచ్చేది. మాది పుంగనూరు దాటి పెద్దపంజాణి వైపు పల్లె. పొద్దున్నే మా అమ్మ సంగటి కెలికి, తడిగుడ్డలో చుట్టి, నాలుగు గిన్నెల క్యారియర్లో సర్ది, పైన మూటకట్టి ఇస్తే, మా నాయన సైకిల్ మీద రోడ్డుకు పోయి బస్సు కండక్టర్ చేతికిచ్చేవాడు. ఆ క్యారియర్ డ్రైవర్ పక్కన వేడి బానెట్ మీద కూర్చుని ఊళ్ళన్నీ చూసుకుంటూ మధ్యాహ్నానికి మదనపల్లె బస్టాండులో దిగేది. మేం పోయి తెచ్చుకునేవాళ్ళం. సగం అప్పుడు తిని, సగం రాత్రికి మా గిన్నెల్లో పెట్టుకుని, ఖాళీ క్యారియర్ను సాయంత్రం బస్సుకు ఎక్కించేవాళ్ళం. ప్రతి అమ్మదీ ఒక్కో రకం ముడి. బానెట్ మీద పది మూటలున్నా ఎవరిది వాళ్ళకు ముడి చూస్తేనే తెలిసిపోయేది.

అక్కకు మాత్రం క్యారియర్ రాదు. "నాకు క్యారియర్ కూడు పడదు. చల్లారిపోయి ఉంటాది. నేను పొద్దున్నే ఒండుకోని వేడివేడిగా తినేస్తా" అనేది. నిజంగానే మేం నిద్రలేవకముందే ఆమె స్టవ్ పంపు కొడుతున్న చప్పుడూ, గిన్నెల చప్పుడూ వినిపించేవి.

పుంగనూరులో ఇంటరు తెలుగులో చదివి, ఇక్కడ బి.ఎస్సీ. ఇంగ్లీషులో చేరినదాన్ని నేను. మొదటి రోజే జువాలజీ సారు గోడమీది పటం చూపించి గుండె ఎక్కడుందో చూపమన్నారు. నేను లేచి, "ఆడ ఉండాది సార్" అన్నాను. క్లాసంతా నవ్వింది. నవ్వినవాళ్ళలో సగం మంది ఇంట్లో 'ఉండాది' అనేవాళ్ళే. ఆ సంగతి నాకు చాలా రోజులకు గానీ తెలియలేదు. ఆ మధ్యాహ్నం క్యారియర్ తెచ్చుకుని, అమ్మ ముడి విప్పకుండా ఒళ్ళో పెట్టుకుని వరండాలో కూర్చున్నాను.

గోడ దాకా పోయి తిరిగొస్తున్న అక్క నా ముందు ఆగింది.

"యాల తినల్యా?"

"ఆకలి లేదక్కా."

"అబద్ధం. ఆకలి ఉండాది. గొంతు దిగల్యా. అది వేరే జబ్బు" అని క్యారియర్ నా ఒళ్ళోంచి తీసుకుంది. ముడి విప్పి, నిలబడే సంగటి తుంచి, ఊరిబిండి పచ్చట్లో అద్దుకుని తినడం మొదలుపెట్టింది. పరాయి పిల్ల క్యారియర్ అడక్కుండా తినే మనిషిని నేనప్పుడే చూడటం.

"సూడు మే. ఈ క్యారియర్ సాయంత్రం మీ ఊరికి పోతాదా? మీ అమ్మ మూత తీస్తాదా? కూడు అట్లే ఉంటే ఏమనుకుంటాది?"

"తినలేదనుకుంటాది."

"కాదు. బిడ్డ ఆడ ఉండలేకుండాది అనుకుంటాది. ఎల్లుండికల్లా మీ నాయన బస్సు దిగతాడు. సదివింది చాల్లే పద తల్లీ అంటాడు. నువ్వు ఎగురుకుంటా పోతావు. ఎవురి తప్పూ లేదు, అందురూ ప్రేమతోనే చేస్తారు. ఆడికి నీ సదువు అయిపోయె."

నమలడం ఆపకుండానే తన కథ చెప్పింది. మొదటిసారి కాలేజీలో చేరినప్పుడు ఆమెకూ క్యారియర్ వచ్చేదట. బెంగతో తినలేక అలాగే తిప్పి పంపించిందట. వారం తిరక్కుండా వాళ్ళ నాయన వచ్చి తీసుకుపోయాడు. బెంగ తీరాక మళ్ళీ పోతానంటే ఇక పంపలేదు. రెండేళ్ళ తర్వాత ఆమె ఇంట్లో అన్నం మానేసి కూర్చుంటే మేనమామ అడ్డుపడి ఫీజు తాను కడతానని తెచ్చి చేర్చాడు. "ఈడ తినక సదువు పోగొట్టుకుంటి, ఆడ తినక తెచ్చుకుంటి" అని నవ్వింది. "ఏడవాలంటే ఈడ ఏడువు, ఇంటికాడ నవ్వు. క్యారియర్ మాత్రం ఖాళీగా పోవాల. కడిగి పోవాల."

మొదటి నెలలో ప్రతి మధ్యాహ్నం అక్కకు ఇదే పని. ఒక గదిలో సంగటి, ఇంకో గదిలో అన్నం, ఇంకోచోట ఉలవచారు. ఒక్కో పిల్ల దగ్గర నిలబడి, ఆ పిల్ల తినలేక వదిలేసింది తాను తినేది. "మాది మాత్రం చల్లారిన కూడు కాదా అక్కా?" అని ఒకసారి అడిగితే, "మీ కోసరం తింటాండా. మందు మింగినట్ల" అంది. మేం వెనకాల నవ్వుకునేవాళ్ళం. తిండిపోతు అనుకున్నవాళ్ళూ ఉన్నారు.

కానీ ఎవర్నీ అలవాటు పడనిచ్చేది కాదు. తినే ముందు తప్పకుండా సగం మా చేత తినిపించేది. రేపు ఇంకొంచెం ఎక్కువ తినాల అని ఒప్పందం చేసుకునేది. ఆ తినిపించేటప్పుడే సలహాలన్నీ. మొదటి బెంచీలో కూచోవద్దు, నిన్నే అడుగుతారు. చివరి బెంచీలో కూచోవద్దు, నిన్ను మర్చిపోతారు. సారు ఇంగ్లీషు తెలీకుంటే ఆయప్ప నోరు సూడొద్దు, చెయ్యి సూడు, బోర్డు మీద రాసేదే పరీక్షలో వస్తాది. నీ మాటకు ఎవురన్నా నవ్వితే అదే మాట ఇంకొంచెం గట్టిగా చెప్పు, రెండోసారి ఎవురూ నవ్వరు. ఈ చివరిది నేను చేసి చూశాను. నవ్వారు. మూడోసారికి గానీ ఆగలేదు.

మెల్లగా ఒక్కొక్కరికీ గొంతు దిగడం మొదలైంది. ఒక పిల్ల తన క్యారియర్ తానే ఖాళీ చేసిన రోజు అక్క ఆ పిల్ల వీపు చరిచి, "గెలిస్తివి పో" అనేది. ఇక ఆ పిల్ల దగ్గరికి మధ్యాహ్నం పూట పోయేది కాదు. అలా ఆమె తిరిగే గదులు తగ్గిపోయాయి. వరండాలో నడక మాత్రం ఎక్కువైంది. మేమందరం తలుపులు దగ్గరికి వేసుకుని తింటుంటే బయట ఆమె అడుగులూ, గోడమీద వేళ్ళ చప్పుడూ వినిపిస్తూ ఉండేవి. పరీక్షల కంగారేమో అనుకున్నాం.

చివరికి మిగిలిన మొండిదాన్ని నేనొక్కదాన్నే. ఒక రోజు అక్కకు జ్వరం వచ్చింది. దుప్పటి కప్పుకుని పడుకుంది. నేను క్యారియర్లోని సంగటి రెండు తుంపులు తిని, మిగతాది అలాగే మూతపెట్టి, అమ్మ ముడిలాగే ముడేసి సాయంత్రం బస్సుకు పంపించేశాను. ఆ ఒక్కరోజుకు ఏమవుతుందిలే అనుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం క్యారియర్ చేత్తో పట్టుకుని మా నాయనే వచ్చాడు.

అవి చెనక్కాయలు విత్తే రోజులు. మా మెట్ట చేలల్లో వాన పదను ఒకరోజు దాటిందంటే ఆ ఏడు పంటమీద ఆశ వదులుకోవాల్సిందే. అంత పదను వదిలిపెట్టి, కాళ్ళకు ఎర్రమట్టితో వచ్చి నిలబడ్డాడంటే, నన్ను తీసుకుపోవడానికే వచ్చాడని ఎవరూ చెప్పక్కర్లేదు.

"గుడ్డలు సర్దుకో తల్లీ. మాపటి బస్సుకు పోదాం" అన్నాడు. గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంగ్లీషు లేదు, నవ్వులు లేవు, ఇంటికి పోవచ్చు. అప్పుడే గదివైపు తిరిగి పెట్టె కోసం వంగాను కూడా.

అక్క దుప్పటి కప్పుకునే బయటికి వచ్చింది. కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి.

"యాలప్పా పిలుచుకోని పోతావు?"

"బిడ్డ తింటా లేదు తల్లీ. నిన్న కూడు అట్లే తిరిగొచ్చె. వాళ్ళమ్మ నిన్నట్నించి ఏడస్తా ఉండాది."

"ఆ కూడు మీ బిడ్డది కాదప్పా. నాది" అంది అక్క. "దినామూ తనదాంట్లో సగం నాకు పెడతాది. నిన్న నాకు జరము, తినలేకపోతి. తిరిగొచ్చింది నా బాగం."

నాయన ఆమెను పైనుంచి కిందికి చూశాడు. తర్వాత నావైపు తిరిగాడు. "నిజమేనా తల్లీ?"

కాదు అని తల ఊపితే చాలు, సాయంత్రానికి ఇంట్లో ఉంటాను. అక్క నా వైపు చూడలేదు. గోడవైపు తిరిగి వేళ్ళతో తడుతూ ఉంది. సైగ చెయ్యలేదు, బతిమాలలేదు. అన్నీ చెప్పిన మనిషి ఆ ఒక్క మాట మాత్రం నాకే వదిలేసింది. నాకు ఉన్నట్టుండి ఆమె పోగొట్టుకున్న ఆ రెండేళ్ళు గుర్తొచ్చాయి.

"నిజమే నాయనా" అన్నాను.

"అట్లయితే నా ముందర తిను, సూసి పోతా" అని మెట్టు మీద కూర్చున్నాడు నాయన.

నేను ముడి విప్పాను. అక్కకు సగం తియ్యబోతే, "నాకింకా నోరు చేదుగా ఉండాది, నువ్వే తిను" అంది. తిన్నాను. సంగటి ముద్ద మొత్తం, బెండకాయ పులుసుతో, ఊరిబిండితో, గిన్నె అడుగు వేలితో తుడిచి మరీ తిన్నాను. కళ్ళనుంచి నీళ్ళు కారుతుంటే, "కారం ఎక్కువయింది నాయనా, అమ్మకు చెప్పు" అన్నాను. నాయన తల ఊపాడు. నమ్మాడో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఖాళీ క్యారియర్ను తానే కడుక్కుని, చంకన పెట్టుకుని బస్టాండుకు పోయాడు. ఆ రోజు తర్వాత నేనెప్పుడూ పెట్టె కోసం వంగలేదు.

మర్నాడు క్యారియర్ ఇస్తూ కండక్టర్, "మీ అమ్మ చెప్పమనింది పాపా. చిన్న ముద్ద నీకంట, పెద్ద ముద్ద ఆ జరం బిడ్డకంట" అన్నాడు. విప్పి చూస్తే నిజంగానే రెండు ముద్దలు. అక్క చాలాసేపు వాటివైపు చూసింది. "మీ యమ్మకు పనీపాటా లేదా ఏం మే" అని కసిరి, పెద్ద ముద్ద తీసుకుని, మాకు వీపు తిప్పి నిలబడి తినింది. ఆ ఏడాది పొడుగునా మా ఇంటినుంచి రెండు ముద్దలూ వచ్చాయి. చల్లారిన కూడు పడదన్న మాట ఆమె మళ్ళీ అనలేదు. అడగాలని మాకెవ్వరికీ తట్టలేదు.

తర్వాత ఆమె బి.ఏ. పాసై వెళ్ళిపోయింది. ఎనభయ్యో దశకం మధ్యలో నాకు కుప్పంలో లెక్చరర్ ఉద్యోగం వచ్చింది. ఒకరోజు సంతలో, టమోటాల బుట్ట దగ్గర, తమిళంలో గట్టిగా బేరమాడుతున్న గొంతు విని తిరిగి చూస్తే అక్క. అక్కడే ఒక ఆఫీసులో పని చేస్తోందట. ఒక్కతే ఉంటోంది. నా చెయ్యి పట్టుకుని ఇంటికి లాక్కుపోయింది.

నన్ను కూర్చోబెట్టి తాను స్టవ్ నుంచి వాకిలికీ, వాకిలి నుంచి స్టవ్‌కూ తిరుగుతూ ఉంది. "ఇంకా ఊరు గుర్తొస్తోందా అక్కా? ఇప్పుడన్నా కూర్చో" అని ఎగతాళి చేశాను.

"ఊరు యాడ గుర్తొస్తాది మే!" అని పకపకా నవ్వింది. "ఆకలి. కూచుంటే ఆకలి తెలుస్తాది, తిరగతా ఉంటే తెలీదు. అదే అలవాటయిపోయె."

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆమే చెప్పింది, ఏదో సరదా సంగతి చెబుతున్నట్టు. మేనమామ ఫీజూ అద్దే కట్టాడు. వాళ్ళ నాయన మాత్రం, నా మాట కాదని పోతాండావు, నా ఇంట్లోనించి గింజ కూడా రాదు అన్నాడు. తిండి సంగతి మేనమామకు గుర్తు రాలేదు, ఈమె అడగలేదు. పొద్దున ఒక పూట గంజికి మాత్రం ఉండేది. "గంజికి అంత సద్దు యాడ ఉంటాది? మీకు వినిపించాలని ఉత్త గిన్నెలు కొడతాంటి" అంది. మధ్యాహ్నానికి మా బెంగే ఆమెకు అన్నం.

"మా నాయనకు నాకోసం అబద్ధం చెప్పినావనుకున్నానే ఇన్నాళ్ళూ."

"అబద్ధం యాడ చెప్తి? ఆ కూడు నాదే కదా."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరిమీదో తెలియదు. "ఒక్క మాట చెప్పి ఉంటే ఏం పోయేది?" అని అరిచినంత పని చేశాను.

"చెప్పింటే మీరందురూ 'మాకు ఆకలి లేదక్కా' అంటా నాకే పెడతారు. తినేది ఎప్పుడు నేర్చుకుంటారు?"

"మేము నేర్చుకుంటే నీకు లేకుండా పోతాది కదా! మరి యాల నేర్పిస్తివి?" నాకు తెలియకుండానే మా ఊరి మాట వచ్చేసింది.

అక్క వాకిలి దాకా పోయింది. గడపను వేళ్ళతో తట్టింది.

"పెద్దదాన్ని కదా మే" అంది.

ఆ శనివారం ఊరికి పోయి అమ్మకు చెప్పాను. ఆదివారం నేను బయల్దేరేటప్పుడు అమ్మ పాత నాలుగు గిన్నెల క్యారియర్ తెచ్చి చేతిలో పెట్టింది, అదే ముడితో. "పెద్ద ముద్ద ఆ బిడ్డకు" అంది. దాన్ని ఒళ్ళో పెట్టుకుని బస్సులు మారి కుప్పం చేరి, నేరుగా అక్క ఇంటికే పోయాను. ఆమె ముడి చూసింది. ఎవరి ముడో నేను చెప్పాల్సిన పని లేకపోయింది. క్యారియర్ తీసుకుని నేలమీద పెట్టి, దాని ముందు కాళ్ళు మడుచుకుని కూర్చుంది. అక్క కూర్చుని తినడం నేను చూసింది ఆ ఒక్కసారే.

ఇప్పుడు అక్క లేదు. ఆ కబురు కూడా నాకు ఆలస్యంగా తెలిసింది.

రేపే ఆ సభ. ఈ కాలం పిల్లలకు క్యారియర్లు లేవు, ఫోన్లున్నాయి. మొహం కాస్త వాడితే చాలు, సాయంత్రానికి నాయన కారు దిగుతాడు. ఇంటికాడ నవ్వండి అని వాళ్ళకూ చెప్పాలని ఉంది. కానీ చెప్పేవాళ్ళకేం, చాలామంది ఉంటారు. నాకు నిద్ర పట్టనియ్యనిది ఆ హాల్లో వెనక ఎక్కడో నిలబడి ఉండే పిల్ల. అందరికీ ధైర్యం చెబుతూ, కూర్చోకుండా తిరుగుతూ ఉండే పిల్ల. ఆ పిల్లను తిన్నావా అని ఎవరడుగుతారు?

రాసిన కాగితాలన్నీ చించేశాను. పొద్దున్నే లేచి సంగటి కెలకాలి. అమ్మ ముడి నాకు వచ్చు. రెండు ముద్దలు పెట్టుకుని పోతాను. ఒకటి పెద్దది.